స్వరం నుంచి సంకేతం దాకా: ఐరోపా యాంత్రిక హెచ్చరిక సైరన్ల రూపకల్పన – తులనాత్మక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

20వ శతాబ్దపు ఐరోపాలో ప్రజలందరూ విన్న యంత్రం హెచ్చరిక సైరన్. అయితే దాన్ని దగ్గరగా చూసినవారు తక్కువ. బ్రిటన్, జర్మనీ, స్వీడన్ మొదలైన దేశాలు ఒకే ప్రయోజనం కోసం వేర్వేరు నిర్మాణాలను ఎంచుకున్నాయి. ఈ నిర్మాణాలను సేకరించి, లెక్కగట్టి, ఒకదానితో ఒకటి పోల్చే పనిని విశ్వవిద్యాలయాలకన్నా ఎక్కువగా ఔత్సాహికులే చేపట్టారు. వారి తులనాత్మక పద్ధతి ఆధారంగా సైరన్ నిర్మాణానికి, దాని ధ్వనికి ప్రజలు ఆపాదించుకున్న అర్థానికి మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైరన్, పౌరరక్షణ, ధ్వనిశాస్త్రం, ఐరోపా చరిత్ర, సంకేతం, ఔత్సాహికులు.

1. ఉపోద్ఘాతం:

చరిత్ర రచనకు ఆధారాలుగా శాసనాలు, పత్రాలు, నాణేలు, కట్టడాలు స్వీకరించడం పరిపాటి. ధ్వనికి ఈ వరుసలో చోటు ఆలస్యంగా దక్కింది. ధ్వని పుట్టిన క్షణంలోనే నశిస్తుంది. దాన్ని పుట్టించిన యంత్రం మాత్రం మిగులుతుంది. ఆ యంత్రాన్ని చదవగలిగితే నశించిన ధ్వనిని కొంతవరకైనా తిరిగి ఊహించవచ్చు. హెచ్చరిక సైరన్ అటువంటి యంత్రం.

ఐరోపాలో సైరన్ల పట్ల ప్రత్యేకాభిమానం ఉన్న ఔత్సాహికులు అనేకులున్నారు. తొలగించిన సైరన్లను తుక్కు వ్యాపారుల దగ్గర కొని బాగుచేసేవారు కొందరు. నెలవారీ పరీక్షల రోజున పట్టణాలకు వెళ్లి ధ్వనిముద్రణ చేసేవారు మరికొందరు. వీరి చర్చల్లో తరచుగా వినిపించే ప్రశ్న ఒక్కటే: ఏ దేశపు రూపకల్పన మేలైనది? పైకి ఇది వాహనాల గురించో గడియారాల గురించో సాగే అభిమానుల వాదంలా కనిపిస్తుంది. లోతుగా చూస్తే ఇందులో ఒక గంభీరమైన చారిత్రక ప్రశ్న ఇమిడి ఉంది. ప్రాణాపాయం ముంచుకొస్తున్నదని లక్షలమందికి ఒకేసారి చెప్పవలసివచ్చినప్పుడు ఒక్కొక్క సమాజం ఆ మాటను ఎలా చెప్పాలనుకున్నది? ఆ మాట వినేవారికి ఎలా అర్థమైంది?

సైరన్ భాషలో ప్రధానమైన ‘హెచ్చుతగ్గుల కూత అపాయం, నిలకడ కూత క్షేమం’ అనే భేదం యంత్రపు భౌతిక స్వభావం మీద ఆధారపడి రూపొందిందనీ, అయితే ఆ భాషను బతికించినది యంత్రం కాక సమాజపు అభ్యాసమనీ ఈ వ్యాసం నిరూపించదలచింది.

2. ప్రయోగశాల నుంచి సముద్రతీరానికి:

సైరన్ హెచ్చరిక కోసం పుట్టిన సాధనం కాదు. 18వ శతాబ్ది చివరిలో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జాన్ రాబిసన్ గాలి గొట్టాన్ని వేగంగా తెరుస్తూ మూస్తూ ఉంటే సంగీతస్వరం పుడుతుందని గమనించాడు. 1819లో ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ కాన్యార్ ద లా తూర్ ఈ సూత్రానికి స్పష్టమైన రూపమిచ్చాడు. రంధ్రాలున్న ఒక స్థిరమైన పళ్లెం మీద అటువంటి రంధ్రాలే ఉన్న మరో పళ్లెం తిరుగుతుంది. రంధ్రాలు ఎదురెదురైనప్పుడు గాలి దూసుకువస్తుంది, తప్పుకున్నప్పుడు ఆగిపోతుంది. సెకనుకు ఎన్నిసార్లు గాలి తెగితే స్వరం పౌనఃపున్యం అంత. ఈ సాధనం నీటిలోపల కూడా మోగుతుంది కాబట్టి గ్రీకు పురాణాల్లోని సముద్రగాయనుల పేరును అతడు దీనికి పెట్టాడు. పురాణంలో సైరన్ల పాట నావికులను మృత్యువు వైపు ఆకర్షించేది. యంత్రరూపంలోని సైరన్ జనాన్ని మృత్యువు నుంచి దూరంగా తరిమేది. పేరుకు, పనికి మధ్య ఇంతటి వైరుధ్యం ఉన్న సాధనాలు అరుదు.

శాస్త్రవేత్తలకు ఇది కొలమానం. స్వరాన్ని సంఖ్యగా మార్చగలిగిన పరికరం. 1840ల్లో ఆగస్ట్ సీబెక్ సైరన్‌తో చేసిన ప్రయోగాల మీదనే స్వరస్థాయి స్వభావాన్ని గురించి అతనికీ గియోర్గ్ ఓమ్‌కూ మధ్య ప్రసిద్ధమైన వివాదం నడిచింది. హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ జంట సైరన్‌ను తన శ్రవణ పరిశోధనలో ఉపయోగించాడు. 1863లో వెలువడిన అతని స్వరసంవేదన గ్రంథంలో ఈ పరికరానికి ముఖ్యస్థానం ఉంది. ఒకే యంత్రంలో రెండు వేర్వేరు రంధ్రసంఖ్యలుంటే రెండు స్వరాలు ఒక నిర్దిష్ట నిష్పత్తిలో కలిసి పలుకుతాయన్న విషయం ఆనాటికే రుజువైంది. బ్రిటన్ నగరాల కప్పుల మీద తరువాతికాలంలో మోగినది ఈ సూత్రమే.

ప్రయోగశాల నుంచి సైరన్ ముందుగా సముద్రతీరానికి చేరింది. పొగమంచులో దీపస్తంభపు వెలుగు పనిచేయదు. ఆవిరితోగాని సంపీడిత వాయువుతోగాని నడిచే పెద్ద సైరన్లను ఓడలకు దారి చూపడానికి వాడసాగారు. 1873లో ఇంగ్లండ్ ఆగ్నేయతీరంలోని సౌత్ ఫోర్‌లాండ్ దగ్గర జాన్ టిండాల్ తుపాకులు, బూరలు, ఈలలు, సైరన్లను పోల్చి చూశాడు. సైరన్ల మధ్య తులనాత్మక పరిశీలన ఔత్సాహికులతో మొదలు కాలేదనీ, అది ధ్వనిశాస్త్ర చరిత్రలోనే ఉందనీ ఈ ప్రయోగాలు తెలియజేస్తాయి.

3. నగరం మీదికి (1917–1939):

1917 జూన్ 13న జర్మన్ విమానాలు పట్టపగలు లండన్ మీద జరిపిన దాడిలో 162 మంది మరణించారు. మృతుల్లో పాప్లర్ ప్రాంతపు బడిలోని 18 మంది పిల్లలున్నారు. అప్పటికి నగరానికి సార్వజనికమైన హెచ్చరిక వ్యవస్థ లేదు. జనం భయపడి వీధుల్లోకి వస్తారనీ, కర్మాగారాల్లో పని ఆగిపోతుందనీ ప్రభుత్వం సంశయించింది. ఆ వేసవి దాడుల తరువాత ‘తలదాచుకోండి’ అని రాసిన పలకలను తగిలించుకుని పోలీసులు సైకిళ్ల మీద తిరిగారు. ఔట్లు పేల్చారు. అపాయం తొలగిందని చెప్పడానికి బాలభటులు బాకాలు ఊదారు. అపాయానికి ఒక సాధనం, క్షేమానికి మరో సాధనం అవసరమైన దశ ఇది.

ఈ రెండు పనులనూ ఒకే యంత్రం చేయగలదన్నది 1930ల నాటి ఆలోచన. 1937లో బ్రిటన్ వైమానిక దాడి జాగ్రత్తల చట్టం చేసింది. స్థానిక సంస్థలకు హెచ్చరిక బాధ్యతలు వచ్చాయి. ఊరిలో అప్పటికే మిల్లులు, కర్మాగారాలు పని వేళలకు కూతలు వేస్తుండేవి. ఆ కూతలకూ అపాయసంకేతానికీ తేడా తెలియాలి. అందుకే యుద్ధారంభంలో బ్రిటన్ కర్మాగారాల కూతలను హెచ్చరికకు తప్ప ఇతర అవసరాలకు వాడకుండా నిషేధించింది. 1940 జూన్ నుంచి చర్చి గంటలను సైతం శత్రుసేనలు దిగినప్పటి సూచనకే కేటాయించి మౌనంగా ఉంచింది. ఒక ధ్వనికి అర్థం ఏర్పడాలంటే దాని చుట్టూ ఉన్న ఇతర ధ్వనులను తొలగించవలసివచ్చిందన్నమాట.

1939 సెప్టెంబరు 3న ప్రధాని చేంబర్లేన్ యుద్ధప్రకటన ప్రసంగం ముగిసిన కొద్ది నిమిషాలకే లండన్‌లో సైరన్లు మోగాయి. అది పొరపాటు హెచ్చరిక. అయినా యుద్ధం మొదలైందన్న వార్తను ఎందరికో ప్రసంగంకన్నా ఆ కూతే గట్టిగా తెలియజేసింది.

4. భిన్న రూపకల్పనలు:

విద్యుత్ సైరన్ అంతర్నిర్మాణం సులభమైనది. మోటారు ఇరుసుకు బిగించిన చక్రం తిరుగుతూ మధ్యభాగం నుంచి గాలిని పీల్చి అంచులకు విసురుతుంది. అంచు చుట్టూ నిలువు చీలికల వంటి ద్వారాలుంటాయి. బయట ఉన్న స్థిరవలయానికి కూడా అటువంటి ద్వారాలే ఉంటాయి. చక్రం తిరిగినప్పుడల్లా గాలిప్రవాహం తెగిపడుతూ స్వరం పుడుతుంది. చక్రంలోని ద్వారాల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్ల సంఖ్యతో గుణిస్తే ఆ స్వరపు పౌనఃపున్యం వస్తుంది. ఔత్సాహికుల పరిశీలనకంతటికీ మూలసూత్రం ఇదే.

4.1. బ్రిటిష్ ద్విస్వర సైరన్:

నెల్సన్ పట్టణానికి చెందిన కార్టర్, లెస్టర్ నగరానికి చెందిన జెంట్స్, వీటితోపాటు సెకోమాక్ అనేవి బ్రిటిష్ సైరన్లలో ప్రముఖంగా వినిపించే తయారీపేర్లు. వీటిలో ప్రసిద్ధమైన నిర్మాణంలో మోటారు అడ్డంగా ఉంటుంది. దాని రెండు చివర్లా రెండు చక్రాలుంటాయి. ఒకదానికి 10, మరొకదానికి 12 ద్వారాలు. ఒకే ఇరుసు కాబట్టి రెండింటి వేగం ఒక్కటే. నిమిషానికి 2,800 చుట్లు తిరుగుతుందనుకుంటే ఒక స్వరం సుమారు 467 హెర్ట్జ్, మరొకటి 560 హెర్ట్జ్ అవుతాయి. వేగం పెరిగినా తగ్గినా ఈ రెండింటి నిష్పత్తి 5:6గానే ఉంటుంది. పాశ్చాత్య సంగీతం దీన్ని చిన్న తృతీయమంటుంది. కర్ణాటక సంగీత పరిభాషలో చెప్పాలంటే ఇది షడ్జానికీ సాధారణ గాంధారానికీ మధ్య ఉన్న అంతరం.

రెండు స్వరాలు కలిసి మోగడం వల్ల ఈ కూతకు ఒక గరుకుదనం వస్తుంది. ఒకే స్వరం పలికే మిల్లు కూత నుంచి దీన్ని చెవి సులభంగా వేరుచేస్తుంది. యుద్ధకాలంలో బాంబుదాడులు అనుభవించిన తరానికి ఈ స్వరయుగళం వింటే కడుపులో దేవినట్లయ్యేది. రూపకర్తలు కోరినది ప్రత్యేకత. శ్రోతల మనసులో మిగిలినది విషాదం. ఆ విషాదాన్ని నిర్మాణంలోకి ముందే ఎక్కించారని చెప్పడం మాత్రం చరిత్రను వెనక్కి చదవడమే అవుతుంది.

4.2. జర్మన్ ఏకస్వర సైరన్:

పశ్చిమ జర్మనీలో పౌరరక్షణకు ప్రతీకగా నిలిచినది హొర్‌మన్ సంస్థ తయారుచేసిన ‘ఇ–57’. పేరులోని తొలి అక్షరం ఏకరూప ప్రమాణాన్ని, సంఖ్య 1957 సంవత్సరాన్ని సూచిస్తాయి. ఇరుసు నిలువుగా ఉంటుంది. పైన పుట్టగొడుగు ఆకారంలో కప్పు ఉంటుంది. 5 కిలోవాట్ల మోటారు, నిమిషానికి సుమారు 2,800 చుట్లు, 9 ద్వారాలు. పై సూత్రం ప్రకారం లెక్కిస్తే సరిగ్గా 420 హెర్ట్జ్ వస్తుంది. ఈ సైరన్ ప్రసిద్ధ స్వరం కూడా అదే.

నిలువు ఇరుసు వల్ల ద్వారాలన్నీ క్షితిజ సమాంతరంగా నలుదిక్కులకూ తెరుచుకుంటాయి. అడ్డ ఇరుసు ఉన్న నిర్మాణంలో కొన్ని ద్వారాలు ఆకాశం వైపు, కొన్ని కప్పు వైపు ఉంటాయి. ఈ లెక్కన ధ్వనివితరణలో జర్మన్ నిర్మాణం పొదుపైనది. కప్పు వానను, మంచును అడ్డుకోవడానికి కూడా పనికివస్తుంది. ఇళ్ల కప్పుల మీద, బడుల మీద, అగ్నిమాపక కేంద్రాల మీద ఒకే ఆకృతిని వేల సంఖ్యలో నిలబెట్టవచ్చు. పైగా జర్మనీలో ఈ సైరన్‌కు రెండు పనులు. యుద్ధహెచ్చరిక ఒకటి, స్వచ్ఛంద అగ్నిమాపక దళాన్ని పిలవడం మరొకటి. ఒక నిమిషం నిలకడ కూత మధ్యలో రెండుసార్లు ఆగితే అది అగ్నిప్రమాద సూచన. నిత్యావసరానికి పనికివచ్చే యంత్రం కాబట్టి మరమ్మతులు జరిగేవి, జనానికి పరిచయం తెగేది కాదు. దీని విలువ తరువాతికాలంలో తెలిసివచ్చింది.

4.3. సంపీడిత వాయు సైరన్లు:

అణుయుద్ధ భయం మరో నిర్మాణాన్ని తెచ్చింది. విద్యుత్తు నిలిచిపోయినా మోగగలిగిన సైరన్ కావాలి. 1960ల నుంచి పశ్చిమ జర్మనీలో నెలకొల్పిన అధికసామర్థ్య సైరన్లలో నేలలోపలి గదిలో డీజిల్ ఇంజను, గాలిని నొక్కిపెట్టే యంత్రం, నిల్వతొట్టి ఉండేవి. ఎత్తైన స్తంభం మీద బూరలు ఉండేవి. ఒక్క స్తంభం విశాలమైన ప్రాంతానికి సరిపోయేది. ధ్వని పుట్టడానికి కావలసిన శక్తి ముందే నిల్వ ఉండడం దీని ప్రత్యేకత.

స్వీడన్ వేరే దారి పట్టింది. ‘టైఫన్’ అనే బూరలో తిరిగే చక్రం ఉండదు. సంపీడిత వాయువు ఒక పలుచని పొరను కంపింపజేస్తుంది. 1931లో స్టాక్‌హోంలో ఈ హెచ్చరికను మొదటిసారి పరీక్షించినప్పుడు ఆస్కార్ ఫ్రెడ్రిక్ రిడ్‌క్విస్ట్ అనే పత్రికారచయితకు జలుబుతో గొంతు బొంగురుపోయి ఉందట. నాటి నుంచి ఆ కూతకు ‘బొంగురు ఫ్రెడ్రిక్’ అనే ముద్దుపేరు స్థిరపడింది. భయపెట్టే యంత్రాన్ని ఇంటిమనిషిని పిలిచినట్లు పిలుచుకోవడం స్వీడన్‌లోనే కాదు, బ్రిటన్‌లోనూ కనిపిస్తుంది. అక్కడివారు సైరన్‌ను ‘మూలిగే మిన్నీ’ అన్నారు.

5. జడత్వం రాసిన వ్యాకరణం:

హెచ్చుతగ్గుల కూత అపాయానికి గుర్తు ఎందుకైంది? ఆ స్వరం ఏడుపును పోలి ఉండడమే కారణమని సాధారణంగా చెబుతారు. యంత్రనిర్మాణం మరింత దగ్గరి కారణాన్ని చూపుతుంది. బరువైన చక్రం మీట నొక్కగానే పూర్తివేగాన్ని అందుకోదు. మీట తీయగానే ఆగిపోదు. వేగం పెరుగుతున్నంతసేపు శ్రుతి పెరుగుతుంది, తగ్గుతున్నంతసేపు దిగుతుంది. కరెంటును కొన్ని సెకన్లు ఇచ్చి, కొన్ని సెకన్లు తీసి, మళ్లీ ఇస్తుంటే అదనపు పరికరమేదీ లేకుండానే హెచ్చుతగ్గుల కూత వస్తుంది. అలాగే ఇచ్చి ఉంచితే నిలకడ కూత వస్తుంది. ఒకే మీటతో రెండు స్పష్టమైన పదాలు! 1917లో ఔట్లు, బాకాలు కలిసి చేసిన పనిని ఒక్క యంత్రం చేయగలిగింది ఇందువల్లనే. చేతితో తిప్పే సైరన్‌లోనూ ఇదే సాధ్యం. విద్యుత్తు లేని పల్లెలో మనిషి చేతివేగమే హెచ్చుతగ్గులను పలికించేది.

స్వీడన్ ఉదాహరణ ఈ ప్రతిపాదనను ఎదురుదిశ నుంచి బలపరుస్తుంది. టైఫన్ బూరలో తిరిగే చక్రం లేదు కాబట్టి జడత్వంతో సాగే ఆరోహణ అవరోహణలు లేవు. అక్కడి ప్రజాహెచ్చరిక 7 సెకన్ల కూత, 14 సెకన్ల మౌనం అనే క్రమంలో ఉంటుంది. చక్రమున్నచోట శ్రుతి అర్థాన్ని మోస్తే, చక్రం లేనిచోట మౌనం అర్థాన్ని మోసింది. స్విట్జర్లాండ్‌లో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. సాధారణ హెచ్చరిక ఒక నిమిషం హెచ్చుతగ్గుల కూత. ఆనకట్ట తెగే ప్రమాదమున్న ప్రాంతాల్లో మాత్రం 20 సెకన్ల లోతైన కూతలు పన్నెండు, 10 సెకన్ల విరామంతో వినిపిస్తాయి. మొదటిది వింటే రేడియో పెట్టుకోవాలి. రెండవది వింటే వెంటనే ఎత్తైన చోటికి వెళ్లాలి.

యంత్రం పదాలను ఇచ్చిందే కాని, వాటి అర్థాలను అన్నిచోట్లా ఒకేలా స్థిరపరచలేదు. హెచ్చుతగ్గుల కూత దాదాపు అంతటా అపాయసూచకమే. నిలకడ కూత మాత్రం దేశాన్నిబట్టి మారుతుంది. జర్మనీలో ఒక నిమిషం నిలకడ కూత అపాయం తొలగిందని చెబుతుంది. ఆస్ట్రియాలో అదే కూత మూడు నిమిషాలు సాగితే అపాయం రాబోతున్నదని అర్థం. చెక్ దేశంలో 140 సెకన్ల నిలకడ కూత కేవలం పరీక్ష. ఫ్రాన్స్‌లో 1 నిమిషం 41 సెకన్ల హెచ్చుతగ్గుల కూత మూడుసార్లు వస్తే హెచ్చరిక, 30 సెకన్ల నిలకడ కూత వస్తే ముగింపు. సరిహద్దు దాటిన మనిషికి ధ్వని పరిచితంగానే ఉన్నా అర్థం అపరిచితం కావచ్చు. భాషాశాస్త్రం చెప్పే యాదృచ్ఛికత ఇక్కడ ప్రాణావసరంగా మారింది.

అందువల్లే పరీక్షలకు ప్రాముఖ్యం వచ్చింది. ఫ్రాన్స్‌లోనూ చెక్ దేశంలోనూ నెలలో తొలి బుధవారం మధ్యాహ్నం, నెదర్లాండ్స్‌లో తొలి సోమవారం మధ్యాహ్నం, ఆస్ట్రియాలో ప్రతి శనివారం మధ్యాహ్నం సైరన్లు మోగుతాయి. పరీక్ష యంత్రానికి మాత్రమే కాదు, వినేవారి జ్ఞాపకానికి కూడా.

బ్రిటిష్ పాలనలో వైమానిక దాడి రక్షణ ఏర్పాట్లు భారతదేశానికీ వచ్చాయి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన కాలమది. హెచ్చుతగ్గుల కూత అపాయం, నిలకడ కూత క్షేమం అనే వ్యాకరణమే నేటికీ భారత పౌరరక్షణలో కొనసాగుతున్నది. 2025 మే 7న హైదరాబాద్, విశాఖపట్నాలతోసహా దేశమంతటా జరిగిన పౌరరక్షణ కవాతులో తెలుగువారు తిరిగి విన్నది ఆ సంకేతభాషనే.

6. ఔత్సాహికుల తులనాత్మక పద్ధతి – బలాలు, పరిమితులు:

ఔత్సాహికులు సైరన్లను పోల్చే తీరు గ్రంథపరిష్కర్తలు తాళపత్రప్రతులను పోల్చే తీరును గుర్తుకుతెస్తుంది. తయారీఫలకం దొరికితే అది ప్రతికి గద్యవంటిది. దొరకకపోతే ద్వారాల సంఖ్య, కప్పు ఆకారం, మోటారు అమరిక ఆధారంగా వంశక్రమాన్ని నిర్ణయిస్తారు. యంత్రం లేకుండా ధ్వనిముద్రణ మాత్రమే ఉన్నప్పుడు నిలకడ భాగంలోని పౌనఃపున్యాన్ని కొలిచి, మోటారు వేగంతో భాగించి ద్వారాల సంఖ్యను ఊహిస్తారు. రెండు స్వరాలుంటే వాటి నిష్పత్తి మరింత నమ్మకమైన ఆధారం. వేగం ఎంతైనా నిష్పత్తి మారదు కదా. పాత ముద్రణలో యంత్రం వేగం తప్పినా 5:6 అలాగే ఉంటుంది. కూత దిగడానికి పట్టే సమయం చక్రపు బరువును సూచిస్తుంది. ఇవన్నీ వస్తునిష్ఠమైన, ఇతరులు తిరిగి సరిచూసుకోగలిగిన పరిశీలనలు.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ‘ఏది ఎక్కువ గట్టిది?’ అన్న ప్రశ్నకు తయారీదారుల డెసిబెల్ అంకెలను యథాతథంగా పక్కపక్కన పెట్టడం మొదటి దోషం. బహిరంగస్థలంలో దూరం రెట్టింపైతే ధ్వనిస్థాయి సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఏ దూరంలో కొలిచారో తెలియని అంకెకు విలువ లేదు. ధ్వనిముద్రణ పరికరాలు పెద్ద శబ్దాన్ని తమంతట తామే తగ్గించుకుంటాయి కాబట్టి ముద్రణలో గట్టిగా వినిపించినది నిజంగా గట్టిది కాకపోవచ్చు. రెండవ దోషం సందర్భాన్ని మరచిపోవడం. గాలివాటం, కట్టడాల ఎత్తు, కప్పు మీద అమరిక, రెండు సైరన్ల మధ్య దూరం ఇవన్నీ తెలియకుండా నిర్మాణం ఒక్కదానినిబట్టి తీర్పు చెప్పలేము. ఒంటరి యంత్రంగా బలహీనమైన సైరన్ దట్టమైన వ్యవస్థలో భాగంగా మెరుగైనది కావచ్చు.

మూడవది నైతికమైన పరిమితి. సైరన్‌ను ఇష్టపడే శ్రోతకూ, దాన్ని విని నేలమాళిగలోకి పరుగెత్తిన శ్రోతకూ చెవి ఒకటే అయినా వినికిడి ఒకటి కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులను దృష్టిలో ఉంచుకుని చెక్ దేశం తన నెలవారీ సైరన్ పరీక్షలను కొన్ని నెలలు నిలిపివేసింది. స్థానికులకు మధ్యాహ్నభోజన వేళను గుర్తుచేసే కూత పక్కింటికి కొత్తగా వచ్చిన తల్లికి బిడ్డను ఎత్తుకుని పరుగెత్తమనే ఆజ్ఞ. సైరన్ రూపకల్పన మీద జరిగే ఏ పరిశీలనైనా ఈ రెండవ శ్రోతను లెక్కలోకి తీసుకోక తప్పదు.

7. మౌనం, దాని మూల్యం:

ప్రచ్ఛన్నయుద్ధం ముగియగానే సైరన్లకు పని లేదన్న భావన ప్రబలింది. బ్రిటన్ 1992లో తన జాతీయ సైరన్ వ్యవస్థను రద్దుచేసింది. జర్మనీలో ఒకప్పుడు సుమారు 80 వేల సైరన్లుండేవి. 1990ల ఆరంభంలో కేంద్రం తన హెచ్చరిక విభాగాన్ని ముగించి సైరన్లను స్థానిక సంస్థలకు ఇవ్వజూపింది. అగ్నిమాపక దళానికి అవసరమున్నచోట అవి నిలిచాయి. అవసరం లేదనుకున్నచోట తుక్కుకు చేరాయి. నేలలోపల డీజిల్ ఇంజనున్న అధికసామర్థ్య సైరన్లు నిర్వహణవ్యయం వల్ల దాదాపు కనుమరుగయ్యాయి. అత్యంత శక్తిమంతమైన రూపకల్పన ముందుగా అంతరించి, నిత్యోపయోగమున్న సామాన్య రూపకల్పన మిగలడం గమనార్హం. తొలగించిన వాటిలో కొన్నింటిని కాపాడినవారు ఔత్సాహికులే.

ఈ మౌనం ఎంత లోతైనదో 2020 సెప్టెంబరు 10న జర్మనీ జరిపిన జాతీయ హెచ్చరికదినాన బయటపడింది. ఎన్నో ఊళ్లలో మోగడానికి సైరన్లే లేవు. చరవాణి సందేశాలు అరగంట ఆలస్యంగా చేరాయి. ప్రభుత్వమే ఆ ప్రయత్నం విఫలమైందని అంగీకరించింది. మరుసటి ఏడాది 2021 జూలై 14, 15 తేదీల్లో పశ్చిమ జర్మనీని ముంచిన వరదల్లో 180 మందికి పైగా మరణించారు. వారిలో 130 మందికి పైగా ఆర్ నదీలోయకు చెందినవారు. రాత్రివేళ, విద్యుత్తు, చరవాణి వ్యవస్థలు దెబ్బతిన్న స్థితిలో నిద్రిస్తున్నవారిని లేపగలిగిన సాధనమేదన్న ప్రశ్న దేశమంతటా చర్చకు వచ్చింది. సైరన్ ఉండి ఉంటే అందరూ బతికేవారని చెప్పలేము. హెచ్చరించాలన్న నిర్ణయం సకాలంలో జరగకపోతే ఏ యంత్రమూ చేయగలిగింది లేదు. అయినా ఆ చర్చ తరువాత సైరన్లను తిరిగి నెలకొల్పే ప్రయత్నాలు ఊపందుకున్నాయి. 2023 ఫిబ్రవరిలో చరవాణులన్నింటికీ ఒకేసారి సందేశం పంపే పద్ధతీ మొదలైంది. ఒకటి లేపుతుంది, మరొకటి వివరిస్తుంది.

సైరన్‌ను వదులుకోని ఊళ్ల ఉదాహరణలూ ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండ్‌లోని కాల్డర్ లోయలో సైరన్లను వరద హెచ్చరిక కోసం నిలుపుకున్నారు. 2015 డిసెంబరు 26న నది పొంగినప్పుడు అక్కడ అవి మోగాయి. బాంబర్ల రాకను చాటడానికి పుట్టిన ధ్వని నీటిరాకను చెప్పింది. యంత్రం పాతదే, సమాజం అర్థాన్ని కొత్తగా నేర్చుకుంది.

నేడు కొత్తగా అమరుస్తున్నవి చాలావరకు ఎలక్ట్రానిక్ సైరన్లు. వీటిలో చక్రం లేదు, జడత్వం లేదు. ఏ ధ్వనినైనా, మనిషి మాటనైనా పలికించవచ్చు. అయినా అవి పలికేది ఎక్కువగా పాత చక్రం పలికిన హెచ్చుతగ్గుల కూతనే. యంత్రపు పరిమితి నుంచి పుట్టిన లక్షణం, ఆ పరిమితి తొలగిపోయాక కూడా సంకేతంగా నిలిచిపోయింది. జనం నేర్చుకున్న భాషను యంత్రం మార్చలేదు కాబట్టి యంత్రమే ఆ భాషను నేర్చుకున్నది.

8. ముగింపు:

1. హెచ్చరిక సైరన్ ప్రయోగశాలలో కొలమానంగా పుట్టి, తీరంలో మార్గదర్శిగా పెరిగి, యుద్ధకాలంలో ప్రజాసంకేతంగా మారింది. తులనాత్మక పరిశీలన ఈ ప్రయాణంలో మొదటినుంచీ ఉంది.

2. బ్రిటిష్ ద్విస్వర నిర్మాణం ఇతర కూతల నుంచి భేదాన్ని చూపింది. జర్మన్ ఏకస్వర నిర్మాణం ఏకరూపతకు, ధ్వనివితరణకు, బహుళప్రయోజనానికి అనుకూలించింది. స్వీడన్ నిర్మాణం మౌనాన్నే సంకేతంలో భాగం చేసింది. ఏది మేలన్న ప్రశ్నకు అది ఏ అవసరానికన్న ప్రశ్న తోడైనప్పుడే సమాధానం దొరుకుతుంది.

3. హెచ్చుతగ్గుల కూత, నిలకడ కూత అనే భేదానికి తిరిగే చక్రపు జడత్వం పునాది. నిలకడ కూత అర్థం దేశాన్నిబట్టి మారడం ఈ సంకేతాలు సామాజిక ఒప్పందం మీద ఆధారపడినవని చూపుతుంది.

4. ఔత్సాహికుల పద్ధతిలో ద్వారాల సంఖ్య, స్వరనిష్పత్తి, అవరోహణకాలం వంటివి విశ్వసనీయమైన ఆధారాలు. డెసిబెల్ పోలికలను మాత్రం కొలిచిన దూరం, సందర్భం తెలిసినప్పుడే స్వీకరించాలి. రాజ్యాలు తుక్కుగా వదిలేసిన యంత్రాలను భద్రపరచి పరిశోధనకు మిగిల్చినందుకు చరిత్రకారులు వారికి రుణపడి ఉన్నారు.

5. శక్తిమంతమైన యంత్రంకన్నా నిత్యం పరీక్షకు, వాడుకకు నోచుకున్న యంత్రమే ఎక్కువకాలం నిలిచింది. ఆర్ లోయ విషాదం తరువాత హెచ్చరిక వ్యవస్థలను పునర్నిర్మిస్తున్న సమాజాలకు ఈ చరిత్ర ఇచ్చే సూచన స్పష్టం. సైరన్‌ను స్తంభం మీద నిలబెట్టడానికి ఒక రోజు చాలు. ఆ కూత వినగానే ఏం చేయాలో ఊరికి తెలియడానికి ఏళ్లు పడుతుంది.